కోబియెరోలో ఒక్కరు

ఆ నెల మా సైటుకి ముప్పై ఒక్క వేల మంది వచ్చారు. వాళ్లలో జాలరి ఒక్కడైనా ఉన్నాడా అని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని నేను మాత్రం రోజూ భయపడేవాణ్ణి.

నా పేరు ఒబురా. కిసుములో ‘యామో’ అనే చిన్న సంస్థలో లెక్కలు చూసేవాణ్ణి. యామో అంటే మా లువో భాషలో గాలి. సరస్సు ఒడ్డున ఏ తీరానికి ఏ వేళకి ఎటు నుంచి గాలి వస్తుందో, అల ఎంత ఎత్తు లేస్తుందో రోజూ మధ్యాహ్నం మా సైటులో పెడతాం. ఒమెనా చేపల కోసం సాయంత్రం పడవలెక్కే వాళ్లకి అది తెలియాలి. గాలి వివరాలు మేము బయట కొనుక్కోవాలి, తీరానికింత అని. ఆ ఖర్చు నైరోబీలోని ఒక దాతల సంస్థ పెట్టుకునేది.

రెండేళ్లు గడిచినా నెలకి పద్దెనిమిది వందల మంది దాటలేదు. దాతల సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరు లోపు పది వేలు చూపించండి, లేకపోతే సాయం ఆపేస్తాం.

మా డైరెక్టరు విల్కిస్టా మేడమ్ ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టింది.

“లెక్కలోడివి నువ్వే కదా. ఏదో ఒకటి చెయ్యి. అబద్ధం మాత్రం వద్దు.”

నేను అబద్ధం చెప్పలేదు. అంతకంటే తేలికైన పని చేశాను.

నాతో చదువుకున్న రాండికికి పద్నాలుగు మటాటూలున్నాయి, అంటే మా ఊళ్లల్లో తిరిగే చిన్న ప్రైవేటు బస్సులు. పాటలు, రంగు దీపాలు, ప్రయాణికులకి ఉచితంగా వైఫై. ఫోను ఆ వైఫైకి తగులుకోగానే ముందు మా సైటు తెరుచుకునేలా అతనితో మాట్లాడుకున్నాను.

“గాలి వార్తలా? నా బళ్లు నీళ్లలో పోవు కదరా,” అన్నాడు రాండికి.

“పోనక్కర్లేదు. జనం ఎక్కితే చాలు.”

ఎక్కారు. ఆరు వారాల్లో పద్దెనిమిది వందలు కాస్తా ముప్పై ఒక్క వేలయింది. గ్రాఫు గోడ ఎక్కినట్టు నిటారుగా లేచింది. ఒక్కొక్కరు మా సైటులో ఎంతసేపు ఉన్నారన్నది కూడా నా దగ్గర ఉంది. సగటున రెండు సెకన్లు. నివేదికలో ఎంతమంది అన్న వరుస పెట్టాను, ఎంతసేపు అన్న వరుస పెట్టలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రోజు మేడమ్ ఆఫీసు మొత్తాన్నీ సరస్సు ఒడ్డుకి తీసుకెళ్లి వేయించిన చేపా, ఉగాలీ అనే మొక్కజొన్న ముద్దా పెట్టించింది. పెద్ద చేప తల నాకు వేసింది. తిన్నాను.

దాతల సంస్థ సంతోషించి ఇంకో మాట రాసింది. ఇంత ఎదుగుతున్న సైటులో ఎవరూ చూడని తీరాల కోసం డబ్బు తగలెయ్యడం ఎందుకు? నెలకి కనీసం యాభై ఫోన్లు తెరవని తీరాన్ని ఆపేద్దాం. ఆ పని చేసే ప్రోగ్రాము నేనే రాశాను. యాభైకి తగ్గితే పేజీ మూసుకుంటుంది, మూసిన పేజీని నొక్కిన ఫోన్లు యాభై దాటితే మళ్లీ తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

పదకొండు తీరాలు మూతపడ్డాయి. జాబితాలో అన్నిటికన్నా అడుగున కోబియెరో. అక్కడ మా పేజీ తెరిచే ఫోను ఒకే ఒక్కటి. కానీ ఆ ఫోను రోజూ సాయంత్రం నాలుగింటికి తెరుచుకుని పందొమ్మిది నిమిషాలు అలాగే ఉండేది. ఎవరో పేజీ తెరిచి ఫోను పక్కన పడేసి మర్చిపోతున్నారనుకున్నాను. రోజూ అదే వేళకి, అదే పందొమ్మిది నిమిషాలు మర్చిపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని ఆలోచించలేదు. ప్రోగ్రాము మొదలుపెట్టే మీట నొక్కాను.

ఇరవై రెండు రోజులు గడిచాయి.

మంగళవారం పొద్దున టీ తాగుతుంటే మేడమ్ గబగబా వచ్చింది.

“రేడియోలో విన్నావా? శుక్రవారం రాత్రి కోబియెరో దగ్గర పడవ విరిగిపోయిందట. ముగ్గురూ బతికారు, ఒకతని చెయ్యి నుజ్జయింది. గాలి సంగతి మనం ముందే పెట్టాం కదా?”

“పెట్టే ఉంటాం మేడమ్,” అన్నాను.

నోరు అంత తేలిగ్గా ఎలా తిరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, తీరానికి వెళ్లి చూసొస్తానని చెప్పి బయటపడ్డాను.

బొండో వైపు వెళ్లే బండి ఎక్కాను. అది రాండికి బండే. నా పక్కన కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ ఫోను తీసి వైఫైకి కలిపింది. తెర మీద యామో వచ్చింది. నీలం రంగు గాలి గుర్తు, కింద అలల ఎత్తు. ఆవిడ బొటనవేలితో దాన్ని పక్కకి తోసేసింది.

“ఛీ! ఎక్కిన ప్రతిసారీ ఇదొకటి, ఈగలా,” అని నాకేసి చూసి నవ్వింది.

నేనూ నవ్వాను. ముప్పై ఒక్క వేల మందిలో నేను కళ్లారా చూసిన మొదటి మనిషి ఆవిడ.

*

బొండోలో మోటారు సైకిలు మాట్లాడుకుని కోబియెరోలో దిగేసరికి మూడు దాటింది. ఇసుక మీద వలలు పరిచి ఒమెనా ఎండబెట్టారు. తూకాల పాక ముందు బోర్లించిన పడవ మీద ఒకడు కూర్చున్నాడు. కుడిచేయి భుజం దాకా కట్టు కట్టి మెడకి వేలాడుతోంది.

“ఎవరు కావాలి ఒమెరా?” అన్నాడు. ఒమెరా అంటే మా వైపు సాటివాణ్ణి పిలిచే పిలుపు.

“యామో నుంచి వచ్చాను. గాలి సైటు.”

అతను నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

“ఓహో! చచ్చిపోయిందనుకున్నాం, బతికే ఉందా? ఓ మిన్ అకెయో, నీ సైటు నడుచుకుంటూ వచ్చింది చూడు! బూట్లు కూడా వేసుకుంది.”

పాకలోంచి యాభై ఏళ్ల మనిషి బయటికొచ్చింది. ఆమె పేరు దోర్సిలా, ఆ తీరం సంఘానికి కార్యదర్శి. పెద్దకూతురి పేరు మీద అందరూ మిన్ అకెయో అంటారు, అకెయో వాళ్లమ్మ అని. ఈ చెయ్యి విరిగినతను ఆమె మరిది, ఒవీటి.

ఆమె వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

“తప్పు నాదే నాయనా. మీ దాకా కబురు పంపాల్సింది. ఫోనే పాడైందనుకున్నా. ఎంత నొక్కినా ‘ఈ తీరానికి సేవ లేదు’ అంటోంది. మేకని అమ్మి ఈ కొత్తది కొన్నా. ఇదీ అదే మాట అంది. ఇక చేసేది లేక పక్క తీరం పేజీ చదివి వినిపిస్తూ వచ్చా.”

“పక్క తీరం ద్వీపం చాటున ఉంటుంది,” అన్నాడు ఒవీటి. “వాళ్లకి పిల్లగాలి, మాకు పెనుగాలి. ఆ పూట పిల్లగాలే అని చదివింది. వదిన చదివితే ఇక్కడ ఎవడూ మారుమాట అడగడు. బయల్దేరాం.”

“నేనే చదివా,” అంది ఆమె. ఆ మాట ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అనుకుందో, అరిగిపోయినట్టు వచ్చింది నోట్లోంచి.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆమె పాక గోడ చూపించింది. నల్లరంగు పూసిన పలక, దాని మీద సుద్దతో గాలి వచ్చే వైపు, వేళ, అల ఎత్తు రాసే గళ్లు. దూలానికి లారీ చక్రపు ఇనుప రిమ్ము వేలాడుతోంది. నాలుగింటికి ఆమె దాన్ని మోగిస్తుంది. సరంగులూ వలలు లాగేవాళ్లూ అందరూ వస్తారు. ఆమె ఫోనులో చూసి బిగ్గరగా చదువుతుంది. ఒక్కో సరంగు విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. తప్పు చెప్పినవాడు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇరవై ఒక్క పడవలు, ఎనభై ఐదుగురు మనుషులు.

“ఎంతసేపు పడుతుందమ్మా?” అన్నాను. జవాబు నాకు తెలుసు.

“ఇరవై నిమిషాల లోపే. ఈ ఒవీటి సరిగ్గా వింటే ఇంకా తొందరగా అయిపోతుంది.”

ఆ ఒక్క ఫోనులో ఎనభై ఐదుగురున్నారు. నేను దాన్ని మర్చిపోయిన ఫోను అనుకుని కొట్టేశాను.

“ఎందుకు ఆపేశారు నాయనా?” అని అడిగింది దోర్సిలా. నిలదీసినట్టు కాదు, తెలుసుకుందామని.

“యాభై ఫోన్లు తెరవని తీరాలు ఆపేశారమ్మా. మీ దగ్గర ఒక్కటే తెరుచుకుంటోంది. సైటు బాగా పెరిగింది. ముప్పై వేల మంది వస్తున్నారు. అందుకని...”

“ముప్పై వేలా!” ఒవీటి ఈల వేశాడు. “ఈ సరస్సులో అన్ని పడవలు ఎక్కడున్నాయి ఒమెరా? ఆ ముప్పై వేల మంది చేపలెక్కడ పడతారు?”

“అన్ని తీరాల్లోనూ,” అన్నాను. అది అబద్ధమే, ఏ పేరుతో పిలిచినా.

దోర్సిలా మాత్రం చెంప మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో, లెక్కపెడుతున్నారని మాకేం తెలుసు! ఒకరు చూస్తే చాలు, మిగతావాళ్లు డబ్బులు తగలెయ్యొద్దని నేనే కట్టడి చేశా. ముందే చెప్పుంటే ఇదిగో, ఇవన్నీ తెరిచేదాన్ని కదా!”

ఆమె మూలనున్న పెద్ద ప్లాస్టిక్ బకెట్టు ముందుకి లాగి మూత తీసింది. బకెట్టు నిండా ఫోన్లు. సరస్సు మీద తడిసిపోతాయని పడవెక్కే ప్రతివాడూ తన ఫోను ఆమెకి అప్పజెప్పి వెళ్తాడు. పగలు సౌర పలక మీద ఆమే ఛార్జి చేసి పెడుతుంది, ఆ రోజువి ఇంకా ఎవరూ తీసుకెళ్లలేదు. ఇరవై నాలుగు పాత బటన్ల ఫోన్లు. సైటు తెరవగలిగేవి అరవై ఒకటి.

“యాభై అంటే సరిపోతాయా?” అంది.

సరిపోతాయి. యాభై దాటగానే పేజీ తెరుచుకుంటుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, మటాటూల సంగతి బయటికి రానక్కర్లేదు. నాకు అదృష్టం బకెట్టులో ఎదురొచ్చింది.

నేల మీద కూర్చున్నాను. ఆమె తన ఫోను నుంచి అన్నిటికీ డేటా ఇచ్చింది. తాళాలు తియ్యడానికి వాటి యజమానులు ఒక్కొక్కరే వచ్చారు.

“ఒరేయ్, ఇందులో మెసేజీలు చూడకురోయ్, పెళ్లాం కంటే ప్రమాదం!”

“నీకెవడు పంపుతాడ్రా, కరెంటు ఆఫీసు తప్ప?”

ఒక తెర మీద బడి దుస్తుల్లో కవల పిల్లలు. ఒక తెర మీద కొత్త ఇంజను. ఒకదాని మీద, చేతులు రెండూ బాగున్న రోజుల్లో పెద్ద చేపని పైకెత్తి పట్టుకున్న ఒవీటి. దాన్ని తెరిచి చూపుడువేలితో మా పేజీ నొక్కాను. యాభయ్యోది అదే.

పేజీ తెరుచుకుంది. కోబియెరో. ఆగ్నేయపు గాలి, రాత్రి తొమ్మిది తర్వాత జోరు.

కేకలు వేశారు, చప్పట్లు కొట్టారు. నాకు. ఒకడు నా వీపు చరిచాడు. దోర్సిలా వేడి టీ, నూనెలో వేయించిన తీపి రొట్టెలు, మందాజీలు, రెండు తెచ్చి నా చేతిలో పెట్టింది. మిగిలిన పదకొండు ఫోన్లు కూడా తనే తెరిచింది, మళ్లీ ఎప్పుడూ తగ్గకూడదని. రిమ్ము మోగింది. ఆమె చదివింది. సరంగులు అప్పజెప్పారు. తొమ్మిదికి ముందే తిరిగొచ్చెయ్యాలని తీర్మానించుకున్నారు. పందొమ్మిది నిమిషాలు నేను ఆ పాకలో తల దించుకుని నిలబడ్డాను. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు.

*

గురువారం మీటింగు. దాతల సంస్థ నుంచి ముతేవు అనే ఆవిడ నైరోబీ విమానంలో వచ్చింది. చురుకైన మనిషి, మాట తక్కువ. విల్కిస్టా మేడమ్ గోడ మీద గ్రాఫులు వేస్తూ పోయింది. చివరిది నేను ఇచ్చింది కాదు, ఆవిడే లెక్కల్లోంచి తీసింది.

“కోబియెరో చూడండి. పోయిన నెల ఒక్కరు. ఇప్పుడు అరవై రెండు. ఆరువేల వంద శాతం పెరుగుదల! మా ఒబురా స్వయంగా వెళ్లొచ్చాడు.”

ముతేవు ముందుకి వంగింది. “మూసేశాకే ఇలా పెరిగిందా?”

మేడమ్ అప్పుడే మూసిన తీరాల జాబితా తిరగేసి చూసింది. “అవును, మూసేసిన మూడు వారాలకి.”

“అంటే పోతేనే గాని జనానికి విలువ తెలియలేదన్నమాట.” ఆవిడ ఏదో రాసుకుంది. “మంచి పాఠం ఇది. తక్కువ చూసే తీరాలు ఇంకా ఇరవై ఉన్నాయి కదా? వాటినీ ఓ నెల మూద్దాం. వాళ్లూ కదులుతారు.”

మేడమ్ తల ఊపింది. పెన్ను తీసుకుంది.

ఇరవై తీరాలు. ఇరవై పాకల్లో ఇరవై మంది, పక్క తీరం పేజీ చదువుతూ.

“వద్దు,” అన్నాను. నిలబడ్డానని తర్వాత తెలిసింది. “ఆ అంకె నిజం కాదు.”

“అరవై రెండు కాదా?”

“అరవై రెండు ఫోన్లు నిజమే. నేనే కూర్చుని తెరిపించాను. మనుషులు పెరగలేదు. అంతకుముందు ఒక ఫోను, ఎనభై ఐదుగురు. ఇప్పుడూ ఆ ఎనభై ఐదుగురే. ఒకావిడ చదువుతుంది, మిగతావాళ్లు వింటారు. మనం ఆపేస్తే వేరే తీరం గాలి చదివింది. అందుకే పడవ విరిగింది.”

ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు.

“ముప్పై ఒక్క వేలు కూడా నిజం కాదు. వాళ్లు మటాటూ ప్రయాణికులు. వైఫై కోసం ఫోను తీస్తే మన పేజీ అడ్డమొస్తుంది. రెండు సెకన్లలో తోసేస్తారు.”

“రెండు సెకన్లా?” అంది మేడమ్. ఆవిడ గొంతు చాలా చిన్నదైపోయింది. “ఆ సంగతి నీకెప్పుడు తెలుసు?”

“మొదటి రోజు నుంచి.”

“వేయించిన చేప తిన్నప్పుడు కూడా?”

“తెలుసు మేడమ్.”

ఆవిడ గ్రాఫు ఆపేసింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ముతేవు అడిగింది: “కోబియెరోలో ఆ ఒక్క ఫోను ఎంతసేపు తెరిచి ఉండేది?”

“పందొమ్మిది నిమిషాలు. రోజూ నాలుగింటికి.”

“అది చూశారా మీరు?”

“చూశాను.”

“చూసి?”

“ఎవరో మర్చిపోయారనుకున్నాను.”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “మేము అడిగిన అంకే మీరిచ్చారు. ఆ తప్పు మాదీ. కానీ ఈ పందొమ్మిది మీ ఒక్కరికే కనిపించింది.” పుస్తకం మూసింది. “సరే, మీ సైటుని నిజంగా ఎంతమంది వాడుతున్నారు?”

“తెలియదు.”

ఆ గదిలో నేను చెప్పిన మొదటి సరైన లెక్క అదే. యాభై నిబంధన ఆ పూటే తీసేశారు. మూతపడ్డ మిగతా పది తీరాలూ సాయంత్రానికి తెరుచుకున్నాయి. వచ్చే ఏడు డబ్బు సంగతి తర్వాత చెబుతామన్నారు. నా బల్ల తాళం చెవి మేడమ్ తనే వచ్చి తీసుకుంది.

*

ఇంకా ఒక చోటు మిగిలింది. నైరోబీ వాళ్ల ముందు చెప్పడం కంటే అదే కష్టమని నాకు తెలుసు. శుక్రవారమంతా సాకులు వెతుక్కుని శనివారం బయల్దేరాను.

మూడున్నరకి కోబియెరో చేరాను. ఒవీటి అదే పడవ మీద ఉన్నాడు.

“మళ్లీ వచ్చావా బూట్లోడా! టీ రుచి మరిగావు.”

దోర్సిలా నవ్వుతూ వచ్చింది. నేను ఆమె నవ్వు పూర్తయ్యే దాకా కూడా ఆగలేదు.

“అమ్మా, మొన్న మీరు తప్పు నాదే అన్నారు. కాదు. ఆపేసిన చెయ్యి నాది. ముప్పై వేల మంది అని చెప్పానే, వాళ్లు జాలర్లు కారు, బస్సు జనం. నా ఉద్యోగం కోసం పోగేసిన అంకె అది. ఆ అంకె పక్కన మీరు చిన్నగా కనిపించారు. కొట్టేశాను. మొన్నే చెప్పాల్సింది. టీ తాగి వెళ్లిపోయాను.”

ఒవీటి కట్టున్న చేతిని ఎడమచేత్తో కాస్త పైకి జరుపుకున్నాడు.

“ఈ వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడు,” అన్నాడు. “నీ లెక్కలో దీన్ని ఎక్కడ రాస్తారు ఒమెరా?”

వెటకారం లేదు గొంతులో.

“మేక సంగతి...” అన్నాను దోర్సిలాతో. “కొత్త ఫోను ఖరీదు నేను...”

“మేక మాట ఎత్తకు,” అంది ఆమె. “ఎనిమిది రాత్రులు నిద్ర లేదు నాకు. నేనే చదివా, నేనే ముంచా అని. నువ్వు ఇక్కడే కూర్చుని మందాజీలు తిన్నావు.”

నాలుగయింది. ఆమె వెళ్లి రిమ్ము మోగించింది. పడవల దగ్గర నుంచి అందరూ వచ్చారు, ఒక్కొక్కరూ వంగి బకెట్టులో ఫోను వేస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక నేను కూడా నా ఫోను తీసి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆమె మూత పెట్టేసింది.

“నీళ్లలోకి వెళ్లేవాళ్లకి ఇది,” అంది.

వెనక్కి జరిగి పాక గుంజ పక్కన నిలబడ్డాను. వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. దోర్సిలా తన ఫోను ఒక్కటీ చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టింది. పడమటి గాలి, ఏడింటికి. అల మోకాలెత్తు. సరంగులు ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు. పడవ లేకపోయినా ఒవీటి కూడా తన వంతుకి లేచి నిలబడి, గాలి వైపూ వేళా అల ఎత్తూ ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.